మండపం, అద్దె పోర్షన్లు: మతమో కులమో చూసి "ఇవ్వం" అనొచ్చా?

అడిగినవారి పరిస్థితి క్లుప్తంగా ఇదీ. విజయవాడ సత్యనారాయణపురంలో సొంత కల్యాణ మండపం, దాని వెనక అద్దెకిచ్చే మూడు పోర్షన్లు. ఆవరణలో చిన్న వినాయకుడి గుడి ఉంది, లోపల శాకాహారమే. ఈమధ్య ఒక క్రైస్తవ కుటుంబం రిసెప్షన్‌కి అడిగితే ఇంటి పెద్దాయన "మావాళ్లకే ఇస్తాం" అని పంపేశారు. వాళ్లు కేసు పెడతామన్నారు. మన మతం మనం పాటించుకునే స్వేచ్ఛ రాజ్యాంగం ఇవ్వలేదా, పోర్షన్లకి "బ్రాహ్మణులకు మాత్రమే" అని బోర్డు పెట్టుకోవచ్చా, వంటశాలలో మన కులం వాళ్లనే పెట్టుకోవచ్చా, గుడి షాపులు హిందువులకే అని జీవో ఉంది కదా, అమెరికాలో కేకు కేసులో మతమే గెలిచింది కదా అన్నవి ప్రశ్నలు.

మండపంలో ఏం జరగకూడదో మీరు చెప్పొచ్చు. మండపంలోకి ఎవరు రాకూడదో చెప్పబోతేనే చిక్కు. మాంసం వద్దు, మందు వద్దు, రాత్రి పదింటి తర్వాత డీజే వద్దు అనుకోవడం మీ ఇష్టం, వచ్చిన ప్రతివాళ్లకీ ఒకేలా వర్తింపజేసినంత వరకు. "క్రైస్తవులకి ఇవ్వం", "ఫలానా కులం వాళ్లకి ఇవ్వం" అన్న మాటలు ఆ కోవలోకి రావు. ఈ మాటల ఫలితం మతం విషయంలో ఒకలా, కులం విషయంలో ఇంకోలా ఉంటుంది. ఆ తేడా తెలియక యజమానులూ తప్పు చేస్తారు, ఫిర్యాదు చేసేవాళ్లూ తప్పు చేస్తారు.

మత స్వేచ్ఛ సంగతి ముందు చూద్దాం. ఆర్టికల్ 25ని చాలామంది సగం నుంచి చదువుతారు. అది మొదలయ్యేదే శాంతిభద్రతలకు, నీతికి, ఆరోగ్యానికి, "ఈ భాగంలోని ఇతర నిబంధనలకు" లోబడి అని. ఈ భాగం అంటే ప్రాథమిక హక్కుల భాగం. సమానత్వం చెప్పే 14, వివక్ష కూడదనే 15, అంటరానితనాన్ని రద్దు చేసిన 17 అందులోనివే. కాబట్టి మత స్వేచ్ఛ వీటికి లోబడే ఉంటుంది, వీటి నెత్తినెక్కి కూర్చోదు. పైగా మతంతో ముడిపడి ఉన్నా సరే, ఆర్థిక వ్యవహారాలనూ లౌకిక వ్యవహారాలనూ ప్రభుత్వం నియంత్రించవచ్చని 25(2)(ఎ) అంటుంది. వినాయకుడికి మీరు పెట్టే నైవేద్యం మతం. హాలుని రోజుకింతని అద్దెకివ్వడం వ్యాపారం. ఆ అద్దె మీద 18 శాతం జీఎస్టీ వసూలు చేసి కడుతున్నారంటే అది వ్యాపారమని మీరే కాగితం మీద రాసిచ్చినట్టు.

ఆర్టికల్ 26 మాటేమిటని అడుగుతారు. మతశాఖలు తమ మత వ్యవహారాలు తామే నడుపుకునే హక్కు అందులో ఉంది. "ఇతర నిబంధనలకు లోబడి" అన్న షరతు అందులో లేదన్నదీ నిజమే. కానీ అది మతశాఖకిచ్చిన హక్కు. ఉమ్మడి విశ్వాసం, ఒక సంస్థగా కట్టుబాటు, ప్రత్యేకమైన పేరు, ఈ మూడూ ఉంటేనే మతశాఖ అవుతుందని సుప్రీంకోర్టు 1954 నాటి శిరూరు మఠం కేసు దగ్గర్నుంచీ అంటోంది. ఒక కుటుంబమూ దాని మండపమూ ఆ లెక్కలోకి రావు. నిజంగా మతశాఖే అయినా పూర్తి తలుపు మూసుకోలేదు. మూల్కి వేంకటరమణ దేవాలయం కేసులో (1957 తీర్పు) ఆ గుడి గౌడ సారస్వత బ్రాహ్మణ శాఖదేనని ఒప్పుకున్న సుప్రీంకోర్టే, హిందువులందరినీ రానివ్వాల్సిందేననీ, కొన్ని ప్రత్యేక క్రతువుల వేళ మాత్రమే శాఖవాళ్లకు పరిమితం చేసుకోవచ్చనీ చెప్పింది. గుడికే అంతమాత్రం వెసులుబాటు ఇచ్చినప్పుడు భోజనాల హాలుకి ఏపాటి దొరుకుతుంది?

"ప్రాథమిక హక్కులు ప్రభుత్వం మీద కదా, ప్రైవేటు మనిషిని నన్నెలా పట్టుకుంటాయి?" అన్నది దీని తర్వాత రావలసిన ప్రశ్న. ఎక్కువ హక్కుల విషయంలో అది సరైన ప్రశ్నే. 15(2) మాత్రం వేరు. దుకాణాలు, హోటళ్లు, రెస్టారెంట్లు, వినోద స్థలాల్లోకి వెళ్లడానికి మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు కారణంగా ఏ పౌరుడికీ అడ్డు ఉండకూడదంటుంది. అడ్డేది ప్రభుత్వమే అయివుండాలన్న షరతు అక్కడ లేదు. "దుకాణం" అన్న మాటను డబ్బుకి సేవలందించే చోటు అన్నంత విశాలంగా చదవాలని సుప్రీంకోర్టు 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో అంది. రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఇచ్చిన వివరణే దానికి ఆధారం. డబ్బు కట్టినవాళ్లకి హాలిచ్చే చోటు ఇందులోకి రాదని వాదించడం కష్టం.

అయితే 15(2)లో శిక్ష రాసి లేదు. మతం కారణంగా సేవ నిరాకరించిన ప్రైవేటు వ్యక్తిని నేరుగా జైలుకు పంపే కేంద్ర చట్టం మన దగ్గర లేదు. క్రైస్తవులనో ముస్లింలనో కేవలం మతం చూసి పంపేస్తే వాళ్లకు మిగిలే దారులు ఇవీ: లాయర్ నోటీసు, ఇంజంక్షన్‌కో (కోర్టు ఇచ్చే నిషేధాజ్ఞ) నష్టపరిహారానికో సివిల్ దావా, మైనారిటీ కమిషన్‌కి ఫిర్యాదు, లైసెన్సు ఇచ్చిన అధికారి పట్టించుకోకపోతే హైకోర్టులో రిట్. అడ్వాన్సు పుచ్చుకున్నాక మతం తెలిసి రద్దు చేస్తే పరిస్థితి ఇంకా తేలిగ్గా వాళ్లవైపు మొగ్గుతుంది. అప్పుడది సేవాలోపం, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు కూడా లేదు, గడువు రెండేళ్లు. శిక్ష లేదు కాబట్టి హక్కు ఉన్నట్టే అని యజమానులు అనుకుంటారు. అది ఒట్టి భ్రమ. పైగా పంపేసేటప్పుడు నోరు జారితే అది వేరే కేసు. ఎదుటివాళ్ల మత మనోభావాలను గాయపరచాలన్న ఉద్దేశంతో మాట్లాడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 302 కింద ఏడాది వరకు జైలు.

కులం దగ్గరికొస్తే లెక్క పూర్తిగా మారుతుంది. ఇక్కడ 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ఉంది. 1976 దాకా దీని పేరు అంటరానితనం (నేరాల) చట్టం. దీన్ని పాత చట్టమని తీసిపారేస్తారు గానీ, మీ పరిస్థితికి దీనంత నేరుగా తగిలేది ఇంకోటి లేదు. ఇందులో "దుకాణం" నిర్వచనమే లాండ్రీ, క్షౌరశాలలతో పాటు "వినియోగదారులకు సేవలందించే మరే ప్రదేశమైనా" అని ఉంటుంది. అంటే మండపం నేరుగా వస్తుంది. అంటరానితనం కారణంగా ప్రవేశం అడ్డుకుంటే సెక్షన్ 4, సేవ నిరాకరిస్తే సెక్షన్ 6. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, దాంతోపాటు వంద నుంచి ఐదొందల రూపాయల జరిమానా. జరిమానా చూసి నవ్వుకోకండి, కనీసం నెల జైలు తప్పనిసరి. ప్రొబేషన్ మీద వదలడానికి కూడా ఈ చట్టం ఒప్పుకోదు. సెక్షన్ 6 కింద శిక్షపడితే ఆ వ్యాపారానికున్న లైసెన్సును రద్దు చేయమని కోర్టు సెక్షన్ 8 కింద ఆదేశించవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఎమ్మెల్యే టికెట్ ఆశలుంటే ఇంకో మాట: ఈ చట్టం కింద శిక్ష పడితే ప్రజాప్రాతినిధ్య చట్టం కింద అనర్హత.

ఇందులో యజమానులకు అన్నిటికన్నా బరువైనది సెక్షన్ 12. ఎదుటి వ్యక్తి షెడ్యూల్డ్ కులానికి చెందినవారైతే, నిరాకరణ అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకునే బాధ్యత మీది. నియమాలు కాగితం మీద ఉండాలని చెప్పేది ఇందుకే. "మాది శాకాహారం అండీ, అందుకని" అని రేపు కోర్టులో చెబితే, ఆ మాట ఆ రోజు వాళ్లతో అన్నారా, రాసి ఉందా, అంతకుముందు వేరేవాళ్లకి అలాగే చెప్పారా అన్నవి వరసగా వస్తాయి.

అదే చట్టంలో సెక్షన్ 7 వివరణ ఒకటుంది, పెద్దాయనకి చదివి వినిపించండి. అంటరానితనాన్ని చారిత్రక, తాత్విక, మతపరమైన కారణాలు చూపో, కులాచారమనో సమర్థించడం కూడా దాన్ని ప్రోత్సహించడం కిందే లెక్క. "మా శాస్త్రంలో అలా ఉంది" అన్న మాట అక్కడ రక్షణ కాదు, ఆ మాటే నేరంలో భాగం అవుతుంది.

దీనిమీద 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణతో సామాజిక, ఆర్థిక బహిష్కరణ నేరమైంది. ఆర్థిక బహిష్కరణ నిర్వచనంలో వ్యాపారం చేయ నిరాకరించడం, సేవలు దక్కనివ్వకపోవడం, మామూలుగా ఇచ్చే షరతుల మీద ఇవ్వకపోవడం ఉన్నాయి. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు. ప్రాథమిక విచారణ లేకుండానే ఎఫ్ఐఆర్ కట్టాలి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి, విజయవాడ కమిషనరేట్‌లో అంటే ఏసీపీ. ముందస్తు బెయిలు లేదు. ఫిర్యాదు చదవగానే ప్రథమదృష్ట్యా నేరమే కనపడకపోతే మాత్రం కోర్టు ఇవ్వొచ్చని 2020లో పృథ్వీరాజ్ చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ప్రత్యేకంగా వచ్చే ముడి. మీరు "క్రైస్తవులు" అన్న కుటుంబం తాతముత్తాతల కులం ఏమిటన్నది మీకు తెలుసో తెలియదో. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు కాక వేరే మతాన్ని అవలంబించేవారు షెడ్యూల్డ్ కులం కిందికి రారు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవారు మన రాష్ట్రంలో బీసీ-సీ, అంటే వెనకబడిన తరగతుల్లో ఒక వర్గం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్వపు గుంటూరు జిల్లా పిట్టలవానిపాలెం మండలానికి చెందిన ఒక పాస్టర్ కేసులో ఇదే పట్టుకుంది. ఏళ్లుగా పాస్టర్‌గా ఉన్న వ్యక్తికి, కుల ధ్రువపత్రం ఇంకా రద్దు కాలేదన్న ఒక్క కారణం చూపించి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ పొందడం కుదరదంది.

ఈ తీర్పు పత్రికల్లో వచ్చాక "చర్చికెళ్లేవాళ్లని ఏమన్నా కేసు లేదు" అనే ప్రచారం ఒకటి బయల్దేరింది. మూడు చోట్ల అది తప్పు. ఎప్పుడైనా చర్చికెళ్లడం వేరు, క్రైస్తవాన్ని అవలంబించడం వేరు. ఆ కుటుంబం దేన్ని అవలంబిస్తోందన్నది సాక్ష్యంతో తేలాల్సిన విషయం, మీరు గుమ్మంలో నిలబడి తేల్చేది కాదు. రెండోది, పౌరహక్కుల చట్టం సెక్షన్ 4, 6 అంటరానితనం కారణంగా "ఏ వ్యక్తినైనా" అడ్డుకోవడం గురించి మాట్లాడతాయి. బాధితుడు ధ్రువపత్రమున్న ఎస్సీ అయితీరాలని అందులో లేదు. సెక్షన్ 12 వెసులుబాటు పోతుంది, కారణాన్ని వాళ్లే రుజువు చేయాలి, అంతే తేడా. "మావాళ్లకే ఇస్తాం" లాంటి మాట రికార్డయి ఉంటే ఆ రుజువు సగం మీరే ఇచ్చినట్టు. మూడోది, 15(2) ఎలాగూ పోదు.

ఇప్పుడు నియమాలు ఎలా రాయాలో. బుకింగ్ ఫారం ఒకే పేజీలో, తెలుగులో, కింద సంతకంతో ఉండాలి. అందులో ఈపాటి చాలు: ఆవరణలో మాంసం, చేపలు, గుడ్లు వండటం గానీ బయటనుంచి తేవడం గానీ కుదరదు, మద్యం, పొగాకు కూడదు, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ కూడదు (తలుపులు మూసిన హాలు లోపల తప్ప, ఇది మీరు పెట్టేది కూడా కాదు, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలే), గుడి అరుగు మీదికి చెప్పులతో ఎక్కకూడదు, ఉల్లంఘిస్తే డిపాజిట్‌లో ఇంత మినహాయింపు. డిపాజిట్ అందరికీ ఒకే అంకె. కొందరికి ఐదు వేలు, "కొత్తవాళ్లకి" పాతిక వేలు అని పెడితే ఫారం మొత్తం పనికిరాకుండా పోతుంది.

ఫారంలో కులం, మతం, గోత్రం గళ్లు ఉంటే తీసేయండి. పేరు, ఆధార్, ఫోను, కార్యక్రమం రకం, అతిథుల సంఖ్య, వంటవాళ్ల వివరాలు చాలు.

మా గుడి ముందు వేరే మతం ప్రార్థన జరగడం మాకు ఇబ్బంది అంటే, దానికీ దారుంది కానీ జాగ్రత్తగా నడవాలి. "హాలు పెళ్లి, రిసెప్షన్, ఓణీలు, పుట్టినరోజు వంటి కుటుంబ శుభకార్యాలకే, మత సభలకు, ప్రవచనాలకు, ఉపవాస ప్రార్థనలకు ఇవ్వబడదు" అని రాసుకోవచ్చు. కానీ కార్తీకంలో అద్దెకి సామూహిక సత్యనారాయణ వ్రతాలకిచ్చి, క్రిస్మస్ ముందు సువార్త కూటానికి ఈ నియమం చూపించారంటే అది నియమం కాదు, సాకు. రెండూ మానుకోవాలి, లేదా రెండిటికీ ఇవ్వాలి. మీ దగ్గరికొచ్చిన కుటుంబం విషయంలో ఈ బెంగే అనవసరం. క్రైస్తవ వివాహ ప్రమాణాలు సాధారణంగా చర్చిలోనే అయిపోతాయి, హాలుకొచ్చేది కేకు, ఫోటోలు, భోజనాలు. కొత్త జంటకి పాస్టర్ రెండు నిమిషాలు ప్రార్థన చేస్తే అది పురోహితుడి ఆశీర్వచనంలాంటిదే, దాన్ని మత సభ అనలేరు.

శాకాహార నియమం నిజమైనదేనా ముసుగా అన్నది తేల్చే పరీక్ష ఒకటుంది. సెవెంత్‌డే అడ్వెంటిస్టుల్లో శాకాహారులు ఉంటారు. అలాంటి కుటుంబం వచ్చి మీ ఫారం మీద సంతకం పెడతానంటే ఇస్తారా? మరోపక్క, తెలుగునాట మాంసం ముట్టని హిందువుల ఇళ్లే తక్కువ. ఇంట్లో మాంసం తినే హిందూ కుటుంబానికి "మండపంలో మాత్రం వద్దండీ" అని చెప్పి ఇస్తున్నారు కదా. ఆ మాటే అందరికీ చెప్పాలి.

అమెరికా కేకు కేసు గురించి వాట్సాప్‌లో తిరిగేది సగం నిజం. మాస్టర్‌పీస్ కేక్‌షాప్ కేసులో, స్వలింగ జంట పెళ్లికి కేకు చేయనన్న బేకరీ యజమాని 2018లో అమెరికా సుప్రీంకోర్టులో 7-2తో గెలిచిన మాట వాస్తవమే. కానీ కొలరాడో పౌరహక్కుల కమిషన్ అతని మతం పట్ల శత్రుభావంతో విచారించిందన్న కారణంతో గెలిచాడు. మతం పేరుతో ఎవరికైనా సేవ నిరాకరించవచ్చని ఆ కోర్టు అనలేదు. 2023లో 303 క్రియేటివ్ కేసులో 6-3తో గెలిచిన వెబ్ డిజైనర్ కూడా మత స్వేచ్ఛ మీద కాదు, తనకి నచ్చని మాట తనచేత రాయించకూడదన్న వాక్‌స్వాతంత్ర్యం మీద గెలిచింది. బెల్‌ఫాస్ట్‌లోని ఆషర్స్ బేకరీ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు 2018లో ఇంకా సూటిగా చెప్పింది: బేకరీవాళ్లు కాదన్నది కేకు మీద రాయమన్న నినాదాన్ని, అడిగిన మనిషిని కాదు, అందుకే అది వివక్ష కాలేదు. హాలు అద్దెకివ్వడంలో మీరు రాయాల్సిన నినాదమేదీ లేదు. ఆ కేసులు మీకు పనికిరావు. పనికొస్తే ఎదుటివాళ్లకే పనికొస్తాయి.

"గుడి షాపులు హిందువులకే" అన్న జీవో మాటకొస్తే, 2015 నాటి జీవో 426 అది. శ్రీశైలం దుకాణదారుల కేసులో 2019లో మన హైకోర్టు దాన్ని సమర్థించింది. 2020లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2021 డిసెంబరులో, ఉన్న దుకాణదారులను కేవలం మతం చూసి వేలంలోంచి తప్పించకూడదని చెప్పింది. ఆవరణలో మద్యం, జూదం వద్దనడం ఒకటి, పూలూ బొమ్మలూ అమ్మేవాడి మతం అడగడం మరొకటి అన్నది ఆ విచారణలో ధర్మాసనం మాటల సారాంశం. మళ్లీ అదే గీత కనపడుతోందా? అదీ దేవాదాయ శాఖ గుడి లోపలి దుకాణాల గురించి.

పోర్షన్ల విషయం మండపమంత సూటిగా లేదు. సొంత ఇంట్లో భాగం అద్దెకివ్వడం "దుకాణం" అంత తేలిగ్గా కాదు. 2005లో జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో పార్సీలకే సభ్యత్వం అన్న బైలాను సుప్రీంకోర్టు తప్పుపట్టలేదు. ప్రైవేటు ఒప్పందాల మీద ఆర్టికల్ 15 పడదంది. కాబట్టి ఒక ముస్లిం కుటుంబానికి పోర్షన్ ఇవ్వనంటే మిమ్మల్ని నేరుగా శిక్షించే చట్టం లేదు. అది బాగుందని చెప్పడం లేదు, ఉన్న చట్టం అంతవరకే ఉంది. కులం దగ్గర మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఏ ప్రాంతంలోనైనా నివాస గృహంలో ఉండటాన్ని అంటరానితనం కారణంగా అడ్డుకోవడం పౌరహక్కుల చట్టం సెక్షన్ 4లో పేరుపెట్టి ఉంది. హెచ్ఐవీ ఉన్నవారికి 2017 చట్టం, ట్రాన్స్‌జెండర్లకు 2019 చట్టం ఇల్లు అద్దెకివ్వడంలో వివక్షను విడిగా నిషేధించాయి. వాటికి "మా మతం ఒప్పుకోదు" అన్న మినహాయింపు లేదు.

"బ్రాహ్మణులకు మాత్రమే" బోర్డు తీసేయండి. ఆ బోర్డు అందరినీ కాదంటోంది కదా, ఎస్సీలనే కాదుగా అని వాదన వస్తుంది. ఆ వాదనతో గెలవచ్చేమో గానీ, సెక్షన్ 12 ఎదురుగా పెట్టుకుని కోర్టులో ఆ పరీక్ష రాయడం తెలివైన పని కాదు. ఫోటో తీసిన బోర్డు మీ చేతిరాత సాక్ష్యం. "శాకాహారులకు" అని రాసుకోండి. ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్లని "మీరేమిట్లండీ?" అని అడగడం మానేసి "ఇంట్లో మాంసం వండుతారా?" అని అడగండి. ఒప్పందంలో ఆ షరతు రాయండి. తప్పితే నోటీసిచ్చి, అవసరమైతే కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలి. నీళ్లు, కరెంటు ఆపితే తప్పు మీవైపు వస్తుంది.

అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటున్నవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు: అసోసియేషన్ "ఫలానా వాళ్లకి అద్దెకివ్వకూడదు" అని తీర్మానం చేస్తే? మన అసోసియేషన్లలో చాలావరకు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉంటాయి. రిజిస్టరైన బైలాలో లేనిదాన్ని వాట్సాప్ గ్రూపు తీర్మానం తీసుకురాలేదు. సెక్షన్ 23 కింద సభ్యుడు నేరుగా జిల్లా కోర్టుకి వెళ్లొచ్చు.

వంటశాల. మీ ఇంటి వంటగదిలో ఎవరుండాలన్నదాకా ఎవరూ రారు. మండపం వంటశాల వ్యాపార స్థలం. పౌరహక్కుల చట్టం సెక్షన్ 4 ఉద్యోగం ఇవ్వడాన్ని కూడా పట్టుకుంటుంది, అంటరానితనం కారణంగా "ఏ పనిలోనైనా" అడ్డుకోవడం నేరం. శాకాహార వంట తెలిసి ఉండాలి, పనిలో ఉండగా మాంసం, పొగ వద్దు అన్నవి పనికి పెట్టే అర్హతలు. కులం అర్హత కాదు. గుడిలో పూజకి పురోహితుణ్ణి పెట్టుకోవడం మతకార్యం కాబట్టి ఆ పద్ధతి తెలిసినవారిని కోరుకోవచ్చు. అక్కడ కూడా కోర్టులు చూసేది శాస్త్రం, శిక్షణలే. మన రాష్ట్రంలో అర్చకుల వంశపారంపర్య హక్కును 1987 దేవాదాయ చట్టం తీసేస్తే, 1996లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది (2007 సవరణతో ఆ కుటుంబాలకు కొంత వెసులుబాటు తిరిగొచ్చింది).

మండపాన్ని ట్రస్టు పేరు మీదికి మార్చి "మా కులం వారికే" అని డీడ్‌లో రాయించుకోమని ఎవరైనా సలహా ఇస్తే, ముందు ఆడిటర్‌ని అడగండి. ఒక మతానికో కులానికో పరిమితమైన ధార్మిక ట్రస్టుకి ఆదాయపన్ను మినహాయింపు దొరకడమే కష్టం. 1961 ఆదాయపన్ను చట్టంలో 13(1)(బి) పెట్టింది అందుకే.

ఇది చదివే అవతలిపక్షం వాళ్లకి, అంటే "ఇవ్వం" అనిపించుకున్నవాళ్లకి కొన్ని మాటలు. ఎవరు, ఎప్పుడు, ఏ మాట అన్నారో అదే రోజు రాసుకోండి. ఆ సాయంత్రమే హాలువాళ్లకి "ఫలానా తేదీకి హాలు ఖాళీగా ఉందన్నారు, మాకు ఎందుకివ్వడం లేదో చెప్పండి" అని మెసేజ్ పెట్టండి. జవాబొచ్చినా సాక్ష్యమే, రాకపోయినా సాక్ష్యమే. మర్నాడు వేరే పేరున్న స్నేహితుడు అదే తేదీకి అడిగితే దొరుకుతుందా చూడండి. ఫోన్ రికార్డింగ్ ఉంటే అసలు ఫైలుని, అది ఉన్న ఫోనునీ అలాగే ఉంచండి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన కాపీ మాత్రమే మిగిలితే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) ధ్రువపత్రం, అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) ఇవ్వాల్సివచ్చినప్పుడు ఇరుక్కుంటారు.

అన్నిటికన్నా ఎక్కువగా కేసులు పోగొట్టేది అతిశయోక్తి. ఫోన్లో ఇద్దరి మధ్య జరిగిన మాటని "అందరి ముందూ కులం పేరుతో తిట్టారు" అని రాయిస్తారు. కులదూషణ నేరానికి నలుగురి కంటా పడే చోటు జరగాలని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫోన్ మాట అలా కాదు. ఆ ఒక్క అబద్ధంతో మిగతాది కూడా అనుమానంలో పడుతుంది. హాలు నిరాకరించడానికి నలుగురూ చూడాలన్న షరతు పౌరహక్కుల చట్టంలో లేదు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తేనే బలం. స్టేషన్‌లో తీసుకోకపోతే విజయవాడలో పోలీస్ కమిషనర్‌కి, గుంటూరులో ఎస్పీకి రాతపూర్వకంగా పంపి, ఆపైన మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల హెల్ప్‌లైన్ 14566, ఉచిత న్యాయ సహాయానికి 15100. ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ న్యాయ సహాయానికి ఆదాయ పరిమితి లేదు.

మళ్లీ మీ విషయానికొస్తే, ఆ కుటుంబం ఇంకా నోటీసు పంపలేదు, అడ్వాన్సూ తీసుకోలేదు. పెద్దాయన కాకుండా బుకింగులు చూసుకునేవారే ఫోన్ చేసి, ఆ తేదీ ఖాళీగానే ఉందనీ, ఫారంలోని నియమాలు ఒప్పుకుంటే అందరికీ ఇచ్చే రేటుకే ఇస్తామనీ చెప్పి, అదే మాట మెసేజ్‌లో పంపండి. కులం గురించి ఆరా తీయొద్దు. ఇప్పుడు తీసే ఆరా రేపు "కులం తెలిసే చేశారు" అనడానికి పనికొస్తుంది. సీసీ కెమెరా ఫుటేజీ, పాత చాట్లు చెరిపేయొద్దు, సాక్ష్యం మాయం చేయడం విడిగా నేరం. ఈలోగా ఆ తేదీకి వేరేవాళ్లకి మాటిచ్చేసి ఉంటే, నిజంగా ఇచ్చిన రోజుతో రిజిస్టర్లో రాయండి, వెనక తేదీ వేయొద్దు. లేని బుకింగ్‌ని సృష్టించి "డేటు ఖాళీ లేదు" అనడం అన్నిటికన్నా సులువుగా పట్టుబడే అబద్ధం. పెళ్లిళ్ల సీజన్‌లో మీ మండపం గేటుకి ఆ రోజు మామిడాకు తోరణం ఉందో లేదో వీధంతా చూస్తుంది.